ధర పెరిగితే వినికిడి పెరుగుతుందా? ఒక ప్రయోగముపై విమర్శ

వయసు మళ్ళిన తరువాత కళ్ళజోడు పెట్టుకొనుటకు ఎవరూ పెద్దగా సంకోచించరు. చెవి మిషను దగ్గరకు వచ్చేసరికి మాత్రము ఇంటిల్లిపాదికీ సందేహములే. దుకాణములో ఒకే కంపెనీ వారి యంత్రములు మూడు నాలుగు శ్రేణులుగా అమర్చి ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకే చిక్కుడు గింజ పరిమాణములో, ఒకే రంగులో ఉంటాయి. ధర మాత్రము మెట్టు మెట్టుకూ ఎగబ్రాకుతుంది. ఖరీదైనది కొనకపోతే తండ్రికి లోటు చేసినవాడనవుతానేమో అని కొడుకు, ఈ వయసులో తనకోసము ఇంత ఖర్చా అని తండ్రి. ఇద్దరి మనసుల్లోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ వినబడుతుందా?

ఈ ప్రశ్నకు అమ్మేవారి మాట ఆధారము కాజాలదు. కొన్నవారి మాట కూడ పూర్తిగా ఆధారము కాదు, ఎందుకంటే వేలకు వేలు పోసి కొన్నవాడు వినబడుటలేదని ఒప్పుకొనుటకు వెనుదీస్తాడు. ప్రయోగము చేసి తేల్చవలసిన విషయమిది. అటువంటి ప్రయోగమును అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయములో లారీ హ్యూమ్స్, ఆయన సహచరులు నిర్వహించి, 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆడియాలజీ అనే పత్రికలో ప్రకటించారు. వినికిడి యంత్రములను గురించిన వాదవివాదములలో తరచుగా ఉదహరించబడుతున్న పత్రమిది. యంత్రములను స్వేచ్ఛగా అమ్మనివ్వాలనేవారు దీనిని చూపుతారు, నిపుణుడు లేనిదే అమ్మరాదనేవారూ దీనినే చూపుతారు. రెండు పక్షములకూ ఒకే పత్రము సాక్ష్యము చెప్పుచున్నదంటే, దానిని కొంచెము నిదానముగా చదవవలసి ఉన్నది.

ముందుగా చెవి సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన కోక్లియా అనే అవయవము ఉన్నది. అందులో సుమారు 15,000 రోమకణములు ఉంటాయి. శబ్ద తరంగములకు స్పందించి నాడిని మేల్కొలిపేవి ఇవే. ఒకసారి నశిస్తే మానవునిలో ఇవి తిరిగి పుట్టవు. నత్తగుల్ల ముఖద్వారము దగ్గర ఉన్న కణములు హెచ్చు పౌనఃపున్యమును, అనగా కీచు స్వరములను, గ్రహిస్తాయి. వయసుతోపాటు తొలుత దెబ్బతినేవి సాధారణముగా ఇవే. అందుచేత వృద్ధుని చెవుడు రేడియో శబ్దమును అంతటా సమానముగా తగ్గించినట్లు ఉండదు. కొన్ని స్వరములు పోతాయి, కొన్ని మిగులుతాయి.

దీని ఫలితము తెలుగు మాటలలో చక్కగా కనబడుతుంది. కాలు, చాలు, పాలు, తాలు. ఈ నాలుగు మాటలలోను 'ఆ' అనే అచ్చు బలమైనది, దాని శక్తి తక్కువ పౌనఃపున్యములలో ఉన్నది, అది చెవికి అందుతుంది. క, చ, ప, త అనే హల్లులు బలహీనమైనవి, క్షణికమైనవి. చ, త, స వంటి వాటిని గుర్తుపట్టించే శక్తి చాలవరకు 2,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. అది జారిపోతుంది. కోడలు "పాలు చాలా?" అంటే మామగారికి "ఆలు ఆలా" అన్నట్లు వినబడుతుంది. "వినబడుతూనే ఉన్నది, అర్థము కావడము లేదు" అని ఆయన అన్నమాట అక్షరాలా నిజము. అప్పుడు కోడలు గట్టిగా అరుస్తుంది. అరుపులో బలము పుంజుకొనేది అచ్చులే. పైగా దెబ్బతిన్న చెవి చిన్న శబ్దమును విననట్లే పెద్ద శబ్దమును భరించలేదు. "ఎందుకమ్మా అట్లా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అని ఆయనకు కోపము వస్తుంది. ఇద్దరి తప్పూ లేదు.

కాబట్టి మంచి యంత్రము శబ్దమును ఊరకే పెద్దది చేయరాదు. ఏ పౌనఃపున్యములో ఎంత లోపమున్నదో అక్కడ అంతే పెంచవలెను. చిన్న శబ్దమును ఎక్కువగా, పెద్ద శబ్దమును తక్కువగా పెంచవలెను. తక్కువ ధరకు దొరికే సామాన్య ధ్వనివర్ధకములలో కొన్ని, లోపము లేని తక్కువ పౌనఃపున్యములనే బాగుగా పెంచి ఊరుకుంటాయి. అవి పెట్టుకొన్నవానికి ఫ్యాను గుయ్యిమనుట, పళ్ళెము ఠంగుమనుట మరింత బాగా వినబడుతుంది, మనుమరాలి మాట మాత్రము పూర్వమువలెనే ఉంటుంది. ఆ మనిషి రెండు వారములకు యంత్రమును బీరువాలో పెట్టి, చెవి మిషనులన్నీ దండుగ అని ఊరంతా చెబుతాడు.

ఇక ప్రయోగము. అది అమెరికాలో జరుగుటకు కారణమున్నది. అక్కడ వృద్ధుల వైద్య ఖర్చు భరించుటకు 1965లో ఏర్పడిన మెడికేర్ చట్టము వినికిడి యంత్రములను పేరు పెట్టి మినహాయించినది. 2016లో అమెరికా జాతీయ అకాడమీలు వెలువరించిన నివేదిక ప్రకారము 2013లో ఒక జత యంత్రముల సగటు ధర 4,700 డాలర్లు. ఈ మొత్తములో యంత్రము ధర ఎంత, పరీక్షకెంత, అమర్చుటకెంత, తరువాత సరిచూచుటకెంత అన్నది కొనేవానికి విడదీసి చెప్పే ఆచారము అంతగా లేదు. అన్నీ ఒకే మూటగా కట్టి అమ్ముతారు. హ్యూమ్స్ బృందము చేసిన పని ఈ మూటను విప్పి చూచుట.

55 నుండి 79 సంవత్సరముల వయసుగల 154 మందిని వారు ఎన్నుకొన్నారు. అందరికీ స్వల్ప, మధ్యస్థ స్థాయి వినికిడి లోపమే. వీరిని యాదృచ్ఛికముగా మూడు వర్గములుగా విభజించారు. మొదటి వర్గమునకు ఆడియాలజిస్టు పరీక్షించి, ప్రతి చెవికి తగినట్లు యంత్రమును సరిచేసి, వాడుక నేర్పి అమర్చారు. రెండవ వర్గమువారు ముందుగానే మూడు రకములుగా అమర్చిపెట్టిన జతలలో నుండి తమకు నచ్చినదానిని తామే ఎన్నుకొన్నారు. చెవిలో పట్టే గొట్టము, రబ్బరు టోపీ కూడ వ్రాతపూర్వకమైన సూచనలు, వీడియో చూచి తామే బిగించుకొన్నారు. మూడవ వర్గమునకు మొదటి వర్గమునకు జరిగిన మర్యాదలన్నీ జరిగినవి, కాని వారి యంత్రము శబ్దమును ఏమాత్రము పెంచదు. వైద్యములో మందు పేరుతో చక్కెర బిళ్ళ ఇచ్చి చూసే పద్ధతి ఉన్నది కదా, ఇది చెవికి వేసిన చక్కెర బిళ్ళ. ఎవరిది ఏ వర్గమో వాడేవారికీ తెలియదు, ఫలితములను కొలిచేవారికీ తెలియదు.

ముఖ్యమైన సంగతి ఏమనగా మూడు వర్గముల వారి చేతికీ ఇచ్చినది ఒకే నమూనా యంత్రము, అదీ ఉన్నత శ్రేణికి చెందినది. అయితే ధర ఒకటి కాదు. కొందరు జతకు 3,600 డాలర్లు చెల్లించారు, కొందరు 600 డాలర్లే చెల్లించారు. ఎవరికి ఏ ధర పడాలన్నది కూడ యాదృచ్ఛికముగానే నిర్ణయించారు.

ఆరు వారముల తరువాత కొలిచి చూడగా, మొదటి రెండు వర్గముల వారికీ యంత్రము వలన స్పష్టమైన మేలు కనిపించినది. మేలు పరిమాణము కూడ చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నది. సంతృప్తిలో మాత్రము తమంతట తాము ఎన్నుకొన్నవారు వెనుకబడ్డారు. ప్రయోగము ముగిసిన తరువాత యంత్రమును కొనుటకు మొగ్గు చూపినవారు నిపుణుడు అమర్చిన వర్గములో 81 శాతము, స్వయముగా ఎన్నుకొన్న వర్గములో 55 శాతము, ఏమీ పెంచని యంత్రము ధరించిన వర్గములో 36 శాతము. ఇక 3,600 డాలర్లు ఇచ్చినవారికీ 600 డాలర్లు ఇచ్చినవారికీ వినికిడి ఫలితములలో భేదము కనిపించలేదు.

ఈ పత్రములో మెచ్చుకొనవలసినది మొట్టమొదట ఆ 36 శాతము. నూటికి ముప్పై ఆరుగురు, ఏ పనీ చేయని యంత్రమును తమకు కావలెనన్నారు. వారు అమాయకులని నవ్వుకొనరాదు. నిపుణుడు గంటసేపు ఎదుట కూర్చుని, చెవిని శ్రద్ధగా పరీక్షించి, ఎట్లా వాడాలో ఓపికగా చెప్పిన తరువాత ఎవరికైనా కొంత మేలు జరిగిందనే అనిపిస్తుంది. ఇంట్లోవారు కూడ చెవిలో యంత్రము చూచి ఎదురుగా నిలబడి కొంచెము నెమ్మదిగా మాట్లాడుతారు. ఆ మేలు నిజమే కాని అది యంత్రము చేసినది కాదు. "మా యంత్రము వాడినవారిలో ఇంత శాతము సంతృప్తి చెందారు" అనే ప్రకటన చదివినప్పుడెల్లా ఈ 36ను జ్ఞాపకము చేసుకొనవలెను. ఇటువంటి పోలిక వర్గము లేని సంతృప్తి లెక్కకు విజ్ఞాన శాస్త్రములో విలువ చాలా తక్కువ. వినికిడి యంత్రములపై ఇంత జాగ్రత్తగా ఉత్తుత్తి యంత్రముతో పోల్చి చేసిన ప్రయోగములు అరుదు.

మెచ్చుకొనవలసిన మరొకటి ధరను కూడ ఒక చరరాశిగా తీసుకొనుట. ఎక్కువ ధర పెట్టిన మందు ఎక్కువ పనిచేసినట్లు అనిపించుట మానవ స్వభావము. వినికిడి యంత్రములలో అటువంటి భ్రమ ఉన్నదేమోనని అనుమానించి కొలుచుట మంచి ఆలోచన.

కాని ఇక్కడనే చదువరులు పొరపాటుపడే అవకాశమున్నది. ధర ప్రభావము లేదన్న వాక్యమును పట్టుకొని, చవక యంత్రమూ ఖరీదైన యంత్రమూ సమానమే అని నిర్ణయించుట తప్పు. ఈ ప్రయోగములో చవక యంత్రము అనేది లేనే లేదు. మేలైన యంత్రమునే తక్కువ ధరకు ఇచ్చారు. చీటీ మీద వ్రాసిన అంకె చెవిలో పనిచేయదని మాత్రమే ఇది రుజువు చేసినది. సంతలో రెండు వేలకు దొరికే ధ్వనివర్ధకమును గురించి ఇది ఒక్క మాటయినా చెప్పలేదు.

ప్రయోగ నిర్మాణములో ఇంకొక లోపము ఉన్నది, ఇది విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపదగినది. పరీక్షించవలసిన అంశములు రెండు: యంత్రము పనిచేయుట, నిపుణుని సేవ. రెండు అంశములకు ఉండుట, లేకుండుట అని రెండేసి స్థితులు. అనగా నాలుగు వర్గములు కావలెను. ఉన్నవి మూడే. పనిచేసే యంత్రము సేవతో, పనిచేసే యంత్రము సేవ లేకుండ, పనిచేయని యంత్రము సేవతో. పనిచేయని యంత్రము, సేవ కూడ లేని నాలుగవ వర్గము లేదు. అందుచేత 81 నుండి 55ను తీసివేస్తే వచ్చే 26 సేవ విలువ అని చెప్పవచ్చును. 81 నుండి 36ను తీసివేస్తే వచ్చే 45 యంత్రపు విలువ అని చెప్పవచ్చును. కాని 55 నుండి 36ను తీసివేసి, ఆ 19 స్వయముగా కొనుక్కొన్న యంత్రపు విలువ అనుటకు వీలులేదు. ఆ రెండు వర్గముల మధ్య యంత్రమూ మారినది, సేవా మారినది. స్వేచ్ఛా విక్రయమును సమర్థించేవారికైనా వ్యతిరేకించేవారికైనా అసలు కావలసినది ఈ లెక్కే. అది ఈ పత్రములో దొరకదు. నాలుగవ వర్గమునకు మరి కొందరిని చేర్చుకొనుటకు ఖర్చు అయి ఉండును, అయినా చేయవలసినది.

స్వయముగా ఎన్నుకొన్నవారు అన్న మాటనూ కొంచెము తగ్గించి అర్థము చేసికొనవలెను. ప్రయోగములో చేర్చుకొనుటకు ముందు అందరి వినికిడినీ నిపుణులే పరీక్షించారు. యంత్రము పనికిరాని తీవ్రమైన లోపమున్నవారు, వైద్యము అవసరమైనవారు అప్పుడే తొలగిపోయారు. బజారులో కొనేవానికి ఈ జల్లెడ లేదు. ఆరు వారములన్న గడువు కూడ చిన్నది. వృద్ధుని మెదడు మరచిపోయిన శబ్దములకు మళ్ళీ అలవాటు పడుటకే కొన్ని వారములు పడుతుంది. యంత్రము బీరువా చేరేది తరచుగా ఆ తరువాతనే. ఒకే విశ్వవిద్యాలయములో, స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారిపై జరిగిన ప్రయోగమన్నది కూడ మరువరాదు.

ఇండియానా పత్రము వదిలిన ఖాళీని కొంతవరకు మెంఫిస్ విశ్వవిద్యాలయము పూరించినది. అక్కడ రాబిన్ కాక్స్, ఆమె సహచరులు రెండు పెద్ద కంపెనీల యంత్రములను తీసుకొని, ఒక్కొక్క కంపెనీనుండి ప్రవేశ శ్రేణి జతను, ఉన్నత శ్రేణి జతను ఎంచి, ఒకే మనిషికి ఒకదాని తరువాత ఒకటిగా నెలరోజుల చొప్పున వాడనిచ్చారు. ఏది ఖరీదైనదో ధరించినవారికి తెలియదు. 2014లో 25 మందిపై ప్రకటించిన ఫలితములలోను, 2016లో 45 మందిపై ప్రకటించిన ఫలితములలోను, మాటలను గ్రహించుటలో గాని నిత్యజీవితములో గాని ఉన్నత శ్రేణికి చెప్పుకోదగిన ఆధిక్యము కనబడలేదు. ఇక్కడ కూడ రెండు శ్రేణులనూ అనుభవజ్ఞులైన నిపుణులే చెవికి తగినట్లు సరిచేశారు. కాబట్టి రెండు పత్రములనూ పక్కపక్కన పెట్టి చదివితే తోచేది ఇది: పేరున్న తయారీదారుని సామాన్య శ్రేణి యంత్రమును జాగ్రత్తగా అమరిస్తే, స్వల్ప మధ్యస్థ లోపమున్న వృద్ధునికి చాలావరకు చాలును. డబ్బు మిగిల్చుకొనదగినది శ్రేణిలో, అమరికలో కాదు. దుకాణములో సాధారణముగా జరిగేది దీనికి తలక్రిందులు. శ్రేణి పెంచుతారు, అమరిక పది నిమిషములలో ముగిస్తారు.

అమరిక అంటే ఏమిటో కొనేవారు తెలిసికొనుట మంచిది. కంప్యూటరులో ఆడియోగ్రాము అంకెలు ఎక్కించి మీట నొక్కితే యంత్రమునకు ఒక అమరిక వస్తుంది. అది సగటు చెవికి సరిపోయేది. నిజమైన చెవినాళము ఒక్కొక్కరికి ఒక్కొక్క పొడవు, వెడల్పు. అందుకని సన్నని మెత్తని గొట్టమును చెవిలోనికి కర్ణభేరి సమీపమువరకు పోనిచ్చి, యంత్రము ధరించి ఉండగా అక్కడకు ఏ స్వరము ఎంత బలముగా చేరుతున్నదో కొలుస్తారు. ఇండియానాలో నిపుణుడు అమర్చిన వర్గమునకు ఈ కొలత తీశారు. ఈ కొలత తీసే సాధనము మీ వద్ద ఉన్నదా అని అడిగినంతమాత్రాన అమ్మేవారెవరూ నొచ్చుకొనరు. నొచ్చుకొంటే మరొక చోటికి పోవుటయే మేలు.

ఈ పత్రము వెలువడిన సంవత్సరమే, అనగా 2017 ఆగస్టులో, అమెరికాలో స్వేచ్ఛా విక్రయమునకు వీలు కల్పించే చట్టము వచ్చినది. నియమములు 2022 అక్టోబరు 17 నుండి అమలులోనికి వచ్చినవి. పద్దెనిమిదేళ్ళు నిండి, స్వల్ప మధ్యస్థ లోపము ఉన్నదని భావించే ఎవరైనా చీటీ లేకుండ కొనుక్కొనవచ్చును. యంత్రము చెవిలోనికి పంపే శబ్దము 111 డెసిబెల్‌లను, శబ్దమును అదుపుచేసే ఏర్పాటు ఉన్నచో 117 డెసిబెల్‌లను మించరాదని పరిమితి పెట్టారు. మిగిలిన వినికిడిని యంత్రమే పాడుచేయకుండుటకు ఈ జాగ్రత్త. 2023లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో జరిగిన మరొక ప్రయోగములో, ఫోను సహాయముతో తామే అమర్చుకొన్నవారు ఆరు వారములకు నిపుణులు అమర్చినవారితో దాదాపు సమానముగా ఉన్నారు. 2017 నాటి ముందే సరిచేసిన మూడు జతలకంటె, ధరించినవాని చెవిని తానే పరీక్షించి సరిచేసుకొనే యంత్రము మెరుగుపడిందన్నమాట. ఇండియానా పత్రములోని 55ను శాశ్వత సత్యముగా పట్టుకొని వ్రేలాడరాదు.

బ్రిటనులో ఈ తగాదా మరొక దారి పట్టినది. అక్కడ 1948లో జాతీయ ఆరోగ్య సేవతోపాటే మెడ్రెస్కో అనే యంత్రమును ఉచితముగా ఇచ్చుట ప్రారంభించారు. జేబులో పెట్టుకొనే పెద్ద పెట్టె, తీగ, ధరించుటకు అంత సొగసైనదేమీ కాదు. అయినా ఆ పద్ధతిలో యంత్రముతోపాటు దానిని సరిచూచే కేంద్రము కూడ ఉన్నది.

తెలుగుదేశమునకు దీనితో సంబంధము లేకపోలేదు. పేద వృద్ధులకు ఊతకర్రలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, వినికిడి యంత్రములు ఉచితముగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వము 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ఆరంభించినది. అరవై ఏళ్ళు నిండినవారికి శిబిరములలో పరీక్షలు జరిపి, కాన్పూరులోని ప్రభుత్వరంగ సంస్థ అలింకో ద్వారా పరికరములను అందిస్తారు. ధర అనే అడ్డును ఇది తొలగించినది, చిన్న పని కాదు. ఇండియానా ప్రయోగపు వెలుగులో చూస్తే మాత్రము ఇటువంటి పథకములను పంపిణీ చేసిన యంత్రముల సంఖ్యతో తూచరాదు. ఊతకర్ర ఇచ్చిన రోజే పనిచేస్తుంది. చెవి మిషను అట్లా కాదు. మూడవ నెలలో ఆ యంత్రము చెవిలో ఉన్నదా, బీరువాలో ఉన్నదా, ఈల వేస్తున్నదని ఫిర్యాదు వస్తే సరిచేయుటకు దగ్గరలో ఎవరున్నారు అన్నవే లెక్కింపదగిన అంకెలు. ఉచితముగా వచ్చిన యంత్రము కూడ బ్యాటరీ ఖర్చు తెస్తుంది. జింకు, గాలి కలిసి పనిచేసే బ్యాటరీపై చిన్న రంగు చీటీ అంటించి ఉంటుంది. 312 సంఖ్యకు గోధుమ రంగు, 13కు నారింజ, 675కు నీలము. ఆ చీటీ ఊడదీసినది మొదలు గాలి లోనికి పోయి, వాడినా వాడకున్నా బ్యాటరీ తరుగుతుంది. ముందుగా నాలుగైదింటి చీటీలు ఊడదీసి పెట్టుకొనుట వృథా. కోస్తాలోని ఉక్కపోతకు, చెమటకు యంత్రము త్వరగా పాడవుతుంది. రాత్రిపూట తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో ఉంచవలెను.

అమ్మకములో ఈమధ్య వినబడుతున్న మరొక మాట మతిమరుపు. వినికిడి యంత్రము వాడకపోతే మతి పోతుందని భయపెట్టి ఖరీదైన శ్రేణికి మళ్ళించుట కలదు. దీనికి ఆధారముగా చూపేది 2023లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన పరిశోధన. 70 నుండి 84 ఏళ్ళవారు 977 మందిపై మూడేళ్ళు జరిగిన ఆ ప్రయోగములో, మొత్తము మీద చూస్తే రెండు వర్గములకు భేదము లేదు. ముందునుండియే ప్రమాదము ఎక్కువగా ఉన్న ఒక ఉపవర్గములో మాత్రము బుద్ధి క్షీణించే వేగము 48 శాతము తగ్గినది. ఆ 48ని మాత్రమే పైకి తీసి చూపుట న్యాయము కాదు. ఆ ప్రయోగము శ్రేణుల మధ్య పోలిక అసలే కాదు.

పత్రములో ఎక్కడా చర్చకు రాని సంగతి ఒకటి ఉన్నది, జల్లెడలో ముందే తొలగిపోయినందువలన. ఒక్కసారిగా ఒకటి రెండు రోజులలో వినికిడి తగ్గినా, ఒక్క చెవిలోనే తగ్గినా, చీము, నొప్పి, తలతిరుగుడు ఉన్నా అది యంత్రము కొనవలసిన సమయము కాదు, చెవి వైద్యుని వద్దకు పోవలసిన సమయము. హఠాత్తుగా వచ్చిన చెవుడుకు తొలి దినములలో చికిత్స చేస్తే వినికిడి తిరిగి వచ్చే అవకాశము ఉన్నది. గూబలో గులిమి గట్టిపడుట వలన వచ్చిన చెవుడుకు గులిమి తీయించిన ఖర్చే సరిపోతుంది, మిషను ధరలో అది ఏ మూలకూ రాదు.